డబ్బు ఎక్కడ ఆగిందో ముందు చూడండి
(పాలకొల్లులో విద్యార్థులు, ఆక్వా రైతులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారమండి. ఇంత వానలో వచ్చారు, ముందుగా కృతజ్ఞతలు.

పోయిన ఏడాది జూన్‌లో ఒక రాత్రి పదకొండు దాటాక మా మేనల్లుడు ఫోన్ చేశాడు. భీమవరంలో ఉంటాడు. "మావయ్యా, లక్ష రూపాయలు పోయాయి" అన్నాడు. ఆ పైన వాడికి మాట రాలేదు. మంచినీళ్ళు తాగమని చెప్పి, కాసేపాగి నెమ్మదిగా అడిగాను.

రెండేళ్ళుగా కొంచెం కొంచెం కొని ఫోన్‌లోని వాలెట్ యాప్‌లో దాచుకున్న యూఎస్‌డీటీ వాడి దగ్గర 1,150 ఉన్నాయి. తెలియని పెద్దవాళ్ళ కోసం చెబుతున్నాను, యూఎస్‌డీటీ అంటే ఒక్కొక్కటి ఒక డాలరు విలువ ఉండేలా నడిపే క్రిప్టో కాయిన్, అంటే కంప్యూటర్లలోనే ఉండే నాణెం. చెల్లెలి ఇంజనీరింగ్ ఫీజుకు గడువు దగ్గరపడింది. అమ్మి కడదామని ఆ 1,150నీ ఒకేసారి ఎక్స్ఛేంజీకి, అంటే ఇవి కొని అమ్మే కంపెనీలో తన ఖాతాకు, పంపాడు. వాలెట్లో పచ్చటి టిక్కు పడింది. ఎక్స్ఛేంజీ ఖాతాలో మాత్రం సున్నా. గంటన్నర గడిచింది.

నేను అడిగిన మొదటి మాట, "ఇంకెవరికైనా చెప్పావా?" అని. "టెలిగ్రామ్ గ్రూపులో పెట్టాను మావయ్యా. సపోర్ట్ వాళ్ళమంటూ ముగ్గురు మెసేజ్ చేశారు. ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడుతున్నాడు. వాలెట్ తాలూకు పన్నెండు మాటలు పంపితే వెంటనే సరిచేస్తానన్నాడు. ఆరు మాటలు టైప్ చేశాక ఎందుకో భయమేసి నీకు చేశాను" అన్నాడు.

వాడు పంపిన లక్ష నిజానికి ఎక్కడికీ పోలేదు. ఆ సంగతి మాకు పావుగంటలో తెలిసింది. కానీ ఆ పన్నెండు మాటలే వాలెట్‌కు అసలు తాళం. అవి మొత్తం పంపేసి ఉంటే, అదే వాలెట్లో ఉన్న బిట్‌కాయిన్ ఆ రాత్రే పోయేది, అది తిరిగి వచ్చే దారే ఉండేది కాదు. నేను చూసినంతలో జనం నష్టపోయేది చాలాసార్లు మొదటి తప్పు వల్ల కాదండి. ఆ తప్పు చూసి కంగారులో చేసే రెండో తప్పు వల్ల. ఇవాళ నేను మాట్లాడేదంతా దాని గురించే.

క్రిప్టో కొనమని గానీ, వద్దని గానీ చెప్పడానికి నేను రాలేదు. మన దేశంలో 2022 ఏప్రిల్ నుంచి దీని లాభం మీద 30 శాతం పన్ను ఉంది. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తీసివేయనివ్వరు, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోనివ్వరు. అంటే పొరపాటున పోగొట్టుకున్నదాన్ని పన్నులో చూపించి కొంతైనా రాబట్టుకుందామంటే కుదరదు. అందుకే ఇప్పటికే ఉన్నవాళ్ళు పంపేటప్పుడు జాగ్రత్తపడాలని నా ఆరాటం.

సరే, మా వాడు చేసిన తప్పేమిటో చూద్దాం. డిపాజిట్లలో ఎక్కువగా జరిగేది ఇదే.

యూఎస్‌డీటీ ఒక్కటే అయినా అది చాలా నెట్‌వర్కుల మీద నడుస్తుంది. ఇథీరియం మీద నడిచేదాన్ని ఈఆర్‌సీ 20 అంటారు. ట్రాన్ మీదది టీఆర్‌సీ 20. బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ మీదది బీఈపీ 20. ఇంకా పాలిగన్, సొలానా, ఇలా చాలా ఉన్నాయి. పేరు ఒకటే, విలువ ఒకటే, దారులు వేరు. మన గోదావరి నీళ్ళలాగే అనుకోండి. విజ్జేశ్వరం దగ్గర తలుపులెత్తితే మన పశ్చిమ డెల్టాకు వస్తాయి. బొబ్బర్లంక దగ్గర ఎత్తితే కోనసీమకు పోతాయి. రెండూ గోదావరి నీళ్ళే. కానీ కోనసీమ కాలువలో వదిలిన నీళ్ళ కోసం పాలకొల్లులో గట్టు మీద నిలబడి చూస్తే వస్తాయా?

మా వాడు ఎక్స్ఛేంజీలో ఇథీరియం నెట్‌వర్క్ ఎంచుకుని, అక్కడ చూపించిన అడ్రస్ కాపీ చేసుకున్నాడు. అక్కడిదాకా సరే. వాలెట్లో పంపేటప్పుడు ఫీజు తక్కువని బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్ ఎంచుకున్నాడు. మరి వాలెట్ ఎందుకు ఆపలేదు? ఆపదండి. కారణం తెలుసుకుంటే మళ్ళీ మరిచిపోరు.

ఇథీరియం అడ్రస్ సున్నా, ఎక్స్ అనే అక్షరాలతో మొదలై, ఆ తర్వాత మరో 40 అక్షరాలు, అంకెలు ఉంటుంది. బీఎన్‌బీ స్మార్ట్ చెయిన్‌దీ అదే తీరు. పాలిగన్ కూడా అంతే, ఆర్బిట్రమ్ కూడా అంతే. ఒకే అడ్రస్ అన్నిటి మీదా చెల్లుతుంది. పొలం సర్వే నంబరు 112 అని చెబితే చాలా? ఏ ఊరి 112? ఆచంటలోనూ ఉండొచ్చు, పెనుగొండలోనూ ఉండొచ్చు. నంబరు తప్పు కాదు, ఊరు తప్పు. అందుకే యంత్రానికి అక్కడ తప్పు కనపడలేదు.

ట్రాన్ అడ్రస్ అలా కాదు. ఇంగ్లీషు టీ అక్షరంతో మొదలై మొత్తం 34 అక్షరాలు ఉంటుంది. ట్రాన్ అడ్రస్ ఇచ్చి ఇథీరియంలో పంపుతానంటే వాలెట్ అక్కడే ఎర్రగీత చూపించి ఆపేస్తుంది. ఆకారం వేరైతే వాలెట్టే కాపాడుతుంది. ఆకారం ఒకటే అయినప్పుడు కాపాడుకోవాల్సింది మనమే. కాబట్టి సున్నా ఎక్స్ అడ్రస్ కనపడగానే చెయ్యి ఆపి, రెండు స్క్రీన్ల మీదా నెట్‌వర్క్ పేరు పైకి చదవండి. మనసులో కాదు, నోటితో. ఎక్స్ఛేంజీలో ఏముంది, వాలెట్లో ఏముంది. అంతే.

ఇంకో పొరపాటుంది, ఇది ఇంకా ప్రమాదం. కొందరు "యూఎస్‌డీటీ అడ్రస్" అని వెతుకుతారు. ఇథీరియం లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ వెబ్‌సైట్లో ఒక అడ్రస్ దొరుకుతుంది, దానికే పంపేస్తారు. అది ఆ కాయిన్ నడిచే కాంట్రాక్ట్ అడ్రస్. కాయిన్‌కు సంబంధించిన ప్రోగ్రామ్ అది, ఎవరి ఖాతా కాదు. అందులో పడ్డవి సాధారణంగా బయటికి రావు. మీ డిపాజిట్ అడ్రస్ మీ ఖాతాలోకి లాగిన్ అయ్యాక మాత్రమే కనపడుతుంది. బయట ఎక్కడ వెతికి దొరికినా అది మీది కాదు.

ఇప్పుడు మెమో, ట్యాగ్ సంగతి. ఈ తప్పు నేనే చేశాను, 2021లో. ఎక్స్ఛేంజీకి ఎక్స్ఆర్‌పీ అనే కాయిన్ పంపుతూ అడ్రస్ పెట్టాను, దాని కింద డెస్టినేషన్ ట్యాగ్ అని ఉన్న గడిని ఖాళీగా వదిలేశాను. అవసరం ఉంటే అదే అడుగుతుందిలే అనుకున్నాను. అడగలేదు.

ఎక్స్ఆర్‌పీలో ఒక అడ్రస్ తెరవాలంటే కొంత సొమ్ము అందులోనే కట్టిపడేసి ఉంచాలి. 2024 డిసెంబరులో దాన్ని 10 ఎక్స్ఆర్‌పీల నుంచి 1కి తగ్గించారు. లక్షలమందికి విడివిడిగా అడ్రస్ తెరిస్తే ఎక్స్ఛేంజీకి తడిసి మోపెడవుతుంది. అందుకని అందరికీ ఒకటే అడ్రస్ ఇచ్చి, ఎవరిది ఎవరిదో ట్యాగ్ నంబరును బట్టి పోల్చుకుంటారు. స్టెల్లార్, కాస్మోస్, టాన్ అనే నెట్‌వర్కుల్లో దీన్నే మెమో అనో, కామెంట్ అనో అంటారు. రైసుమిల్లుకు ధాన్యం తోలి, రైతు పేరు చీటీ లేకుండా బస్తాలు దించేసి వచ్చేసినట్టు. ధాన్యం మిల్లులోనే ఉంది. ఎవరిదో తెలియదు. మిల్లు ఆయన దగ్గరకు వెళ్ళి, ఏ రోజు, ఏ బండి, ఎన్ని బస్తాలు అని రుజువు చూపిస్తే ఆయన లెక్క తేలుస్తాడు. నాకూ అలాగే తొమ్మిది రోజులకు ఖాతాలో పడ్డాయి. ఆ తొమ్మిది రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు, అది మాత్రం నిజం.

మెమో మరిచిపోవడం చాలావరకు సరిదిద్దుకోదగ్గ తప్పు. గుర్తుంచుకోండి, ఎందుకంటే ఈ ఒక్క సంగతి తెలియకే చాలామంది కంగారుపడి మోసగాళ్ళకు దొరుకుతారు.

అడ్రస్ కాపీ గురించి కూడా చెప్పాలి. ఎవరూ చేత్తో టైప్ చేయరు, మంచిదే. బిట్‌కాయిన్ అడ్రస్‌లో ఒక అక్షరం తప్పు పడితే అందులోనే ఉండే సరిచూసుకునే ఏర్పాటు దాదాపు ఎప్పుడూ పట్టేస్తుంది. మనం భయపడాల్సింది టైపింగ్ తప్పుకు కాదు, ఎవరో కావాలని మార్చిన అడ్రస్‌కు. కంప్యూటర్లో చేరే ఒక రకం వైరస్ ఉంది. మీరు ఒక అడ్రస్ కాపీ చేస్తారు, పేస్ట్ చేసేసరికి వాళ్ళ అడ్రస్ పడుతుంది. ఇంకోటి ఏమిటంటే, మీరు తరచూ పంపే అడ్రస్ లాంటిదే, మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కలిసేలా ఒక అడ్రస్ తయారుచేసి, దాన్నుంచి మీకు పైసల్లో ఏదో పంపుతారు. అది మీ పాత లావాదేవీల జాబితాలో చేరుతుంది. తర్వాతిసారి మీరు జాబితాలోంచి కాపీ చేస్తే పొరపాటున అదే తీస్తారు. 2024 మే నెలలో ఒక వ్యక్తి ఇలాగే 1,155 ర్యాప్డ్ బిట్‌కాయిన్లు, అంటే బిట్‌కాయిన్ విలువతో ఇథీరియం మీద నడిచే కాయిన్లు, పంపేశాడు. దాదాపు 6.8 కోట్ల డాలర్లు. అంత సొమ్ము ఉన్న మనిషీ పడ్డాడు. లోకమంతా ఆ అడ్రస్ మీద కళ్ళు వేసేసరికి దొంగ చాలావరకు తిరిగిచ్చాడు. మన లక్ష కోసం లోకం కదలదు కదండీ. పాత జాబితాలోంచి కాపీ చేయడం మానేయండి. ప్రతిసారీ ఎక్స్ఛేంజీ డిపాజిట్ పేజీ తెరిచి అక్కడినుంచే తీసుకోండి. మొదలూ చివరే కాక మధ్యలో అక్షరాలు కూడా కలిపి చూడండి.

ముందు చిన్న మొత్తం పంపి చూడమని అందరూ చెబుతారు. నేనూ చెబుతాను. కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. ప్రతి ఎక్స్ఛేంజీ ఒక్కో కాయిన్‌కు కనీస డిపాజిట్ పెడుతుంది, అదే పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంతకన్నా తక్కువ పంపితే ఖాతాలో కనపడకపోవచ్చు. పరీక్ష కోసం అని మరీ తక్కువ పంపి, రాలేదని భయపడి, అసలు సొమ్మును ఇంకో దారిలో పంపి ఇరుక్కున్నవాళ్ళు నాకు తెలుసు. పరీక్షకు పంపేది ఆ కనీసం కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. రెండుసార్లు ఫీజు అవుతుందని బాధపడొద్దు. నారుమడికి ఖర్చని విత్తనాలు నేరుగా చేలో చల్లేసి మొలుస్తాయో లేదో అనుకుంటూ కూర్చోం కదా, ముందు పిడికెడు తడిగుడ్డలో కట్టి మొలక చూస్తాం.

ఇప్పుడు అసలు విషయం. పంపారు, రాలేదు. ఏం చేయాలి?

చేతులు కట్టుకుని ముందు చూడాలండి. ఎవరికీ మెసేజ్ పెట్టొద్దు, మళ్ళీ పంపొద్దు, యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించొద్దు. మీ వాలెట్లో ఆ లావాదేవీ మీద నొక్కితే ట్రాన్సాక్షన్ హ్యాష్ అని పొడవాటి వరుస కనపడుతుంది. కొన్నిచోట్ల టీఎక్స్ ఐడీ అంటారు. రిజిస్ట్రీ ఆఫీసులో దస్తావేజు నంబరు లాంటిది. దాన్ని కాపీ చేసుకుని, ఇథీరియం అయితే ఈథర్‌స్కాన్‌లో, బీఎన్‌బీ చెయిన్ అయితే బీఎస్‌సీస్కాన్‌లో, ట్రాన్ అయితే ట్రాన్‌స్కాన్‌లో, బిట్‌కాయిన్ అయితే మెంపూల్ డాట్ స్పేస్ వెబ్‌సైట్లో పెట్టండి. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. ఎవరైనా ఎవరి లావాదేవీ అయినా చూడొచ్చు. అది బహిరంగ ఖాతా పుస్తకం.

హ్యాషే లేదనుకోండి. ఒక ఎక్స్ఛేంజీ నుంచి ఇంకో ఎక్స్ఛేంజీకి పంపేటప్పుడు ఇలా జరుగుతుంది. అంటే పంపాల్సినవాడు ఇంకా పంపలేదు. చేరాల్సిన చోట ఎంత అడిగినా వాళ్ళు చేయగలిగింది ఏమీ లేదు, పంపే చోటే అడగాలి. పెండింగ్ అని ఉంటే దారిలో ఉన్నట్టు. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు, అంటే లావాదేవీల కట్ట, ఆ ఖాతా పుస్తకంలో చేరుతుంది. ఫీజు తక్కువ పెట్టి, రద్దీ ఎక్కువ ఉంటే గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజులు. చాలా వాలెట్లలో ఫీజు పెంచి ముందుకు జరుపుకునే వీలుంటుంది. ఫెయిల్డ్ అని ఉంటే మీ కాయిన్లు మీ దగ్గరే ఉన్నాయి, ఫీజు మాత్రం పోయింది.

సక్సెస్ అని ఉండి కూడా ఖాతాలో పడకపోతే అప్పుడు జాగ్రత్తగా చదవాలి. ముందు కన్ఫర్మేషన్లు. బ్లాకులో చేరగానే ఎక్స్ఛేంజీ ఒప్పుకోదు, దాని మీద ఇంకొన్ని బ్లాకులు పడేదాకా ఆగుతుంది. ఎన్ని పడాలో ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒక్కో లెక్క, డిపాజిట్ పేజీలోనే రాసి ఉంటుంది. పాతరోజుల్లో కాలువ మీద పడవల్లో తిరిగిన పెద్దవాళ్ళు ఇక్కడ ఉన్నారు, వాళ్ళకు తెలుసు. పడవ లాకులోకి వచ్చినంత మాత్రాన అయిపోదు. అటూ ఇటూ నీటిమట్టం సమానమయ్యేదాకా తలుపు తీయరు. తొందరపెట్టి లాభం లేదు.

కన్ఫర్మేషన్లు నిండినా రాలేదంటే ఏ నెట్‌వర్క్ మీద పోయింది, ఏ అడ్రస్‌కు చేరింది, ఏ కాయిన్, ఎంత, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి. మా వాడిచేత ఆ రాత్రి అదే చేయించాను. బీఎస్‌సీస్కాన్‌లో కనపడింది, 1,150 యూఎస్‌డీటీ, వాడి డిపాజిట్ అడ్రస్‌కే చేరింది, బీఎన్‌బీ చెయిన్ మీద. వాడి గొంతు అప్పుడు మామూలైంది. డబ్బు పోలేదు, పక్క కాలువలో ఉంది. ఆ అడ్రస్ తాళంచెవి ఎక్స్ఛేంజీ దగ్గరే ఉంది. అదే తాళంచెవి ఇథీరియంలోనూ పనిచేస్తుంది, బీఎన్‌బీ చెయిన్‌లోనూ పనిచేస్తుంది. వాళ్ళు తలచుకుంటే తీయగలరు.

తలచుకుంటే అన్నాను. అది వాళ్ళ బాధ్యత కాదని చాలా ఎక్స్ఛేంజీలు ముందే నిబంధనల్లో రాసుకుంటాయి. కొందరు ఫీజు తీసుకుని చేస్తారు. కొందరు ఫలానా మొత్తం కన్నా తక్కువైతే పట్టించుకోరు. కొన్నిచోట్ల డిపాజిట్ అడ్రస్ తాళంచెవితో కాక కాంట్రాక్ట్‌తో నడుస్తుంది, అక్కడ మరీ కష్టం. పూర్తిగా తెలియనివాళ్ళ అడ్రస్‌కు పోతే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. బ్యాంకులా వెనక్కి తెప్పించే ఆఫీసు ఇక్కడ లేదు. ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళదామంటే ఎక్స్ఛేంజీలు ఆ పరిధిలోకి రావు. అదే తప్పు మీ సొంత వాలెట్ అడ్రస్‌కు పంపేటప్పుడు జరిగితే భయమే లేదు, వాలెట్లో ఆ నెట్‌వర్క్ జోడిస్తే కాయిన్లు కనపడతాయి.

సపోర్ట్‌కు రాసేటప్పుడు యాప్ లోపల ఉన్న హెల్ప్ నుంచే రాయండి. గూగుల్లో కస్టమర్ కేర్ నంబరు వెతకొద్దు. కోపం రాయొద్దు, కథ రాయొద్దు. హ్యాష్, నెట్‌వర్క్, కాయిన్, మొత్తం, అడ్రస్, పంపిన సమయం, రెండు స్క్రీన్‌షాట్లు. పంపింది మీరేనని నిరూపించడానికి అదే వాలెట్ నుంచి చిన్న మొత్తం పంపమని కొందరు అడుగుతారు. యాప్ లోపలి టికెట్లోనే, అంటే మీ ఫిర్యాదుకు జవాబుగానే, అలా అడిగితే, మీ ఖాతాలో కనిపించే అడ్రస్‌కే పంపమంటే ఫర్వాలేదు. పది టికెట్లు వేయొద్దు, ఒకే టికెట్లో కొనసాగించండి.

మా వాడికి అయిదు వారాలు పట్టింది. కొంత ఫీజు కోసుకుని మిగతాది ఇచ్చారు. ఈలోగా వాళ్ళమ్మ గాజులు బ్యాంకులో పెట్టి చెల్లెలి ఫీజు కట్టారు. డబ్బు వచ్చాక మొదట చేసిన పని ఆ గాజులు విడిపించడం.

అదే గ్రూపులో ఇంకో కుర్రాడున్నాడు, అతనిది నరసాపురం. అతను కేవలం మెమో మరిచిపోయాడు. తొమ్మిది పది రోజుల్లో తేలిపోయే పని. ఆ మర్యాదస్తుడికి పన్నెండు మాటలూ ఇచ్చేశాడు. వాలెట్ మొత్తం ఖాళీ అయింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఏమ్మా, అడగండి. ఆఁ, రూపాయలు వేయడం గురించి. అబ్బాయి ఎక్స్ఛేంజీ ఖాతాలోకి మీ యూపీఐ నుంచి వేయొచ్చా అంటున్నారు. వద్దమ్మా. ఖాతా ఎవరి పేరున ఉంటే వాళ్ళ బ్యాంకు నుంచే వెళ్ళాలి. పేరు కలవకపోతే డిపాజిట్ ఆగిపోతుంది లేదా వెనక్కి వస్తుంది, దానికి రోజులు పడతాయి. మీ ఖాతాలోంచి ముందు అబ్బాయి బ్యాంకు ఖాతాకు వేసి, అక్కడినుంచి అతన్ని వేసుకోమనండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళతో నేరుగా కొనడం అమ్మడం చేస్తే ఇంకో చిక్కుంది. వాళ్ళు మీకు వేసిన డబ్బు ఎక్కడో సైబర్ మోసంలో కొట్టేసినదైతే, పోలీసు ఫిర్యాదు మీద మీ బ్యాంకు ఖాతా ఆగిపోతుంది. చెరువుకు మేత కొనాల్సిన రోజున ఖాతా పనిచేయకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎక్స్ఛేంజీ ఎంచుకునేటప్పుడు కూడా, ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైనదో కాదో చూసుకోండి. 2023 మార్చి నుంచి మనీ లాండరింగ్ చట్టం కింద ఆ నమోదు ఉండాలి.

వెనకనుంచి ఎవరో అడుగుతున్నారు, ఇప్పటికే మాటలు ఇచ్చేసినవాళ్ళు ఏం చేయాలని. ఒక్క నిమిషం కూడా ఆగకుండా కొత్త వాలెట్ తెరిచి, పాతదాంట్లో మిగిలినదంతా దాంట్లోకి మార్చేయండి. పాస్‌వర్డ్ మార్చితే చాలదు, ఆ మాటలే అసలు తాళం. ఆ తర్వాత 1930కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి, హ్యాష్‌లన్నీ ఇవ్వండి. పోయింది రాబట్టి ఇస్తామని ఫీజు అడిగేవాళ్ళు మళ్ళీ వస్తారు. వాళ్ళూ ఆ దొంగల తాలూకే.

ఫోన్లు తీయండి. బయట వాన తగ్గేదాకా ఎలాగూ కూర్చోవాలి. కనీసం ఒక పాత లావాదేవీ హ్యాష్ తీసి ఇందాక చెప్పిన వెబ్‌సైట్లో పెట్టి ఎలా ఉంటుందో ఇప్పుడే చూడండి. ఇరుక్కున్న డిపాజిట్ ఎవరికైనా ఉంటే హ్యాష్ కాగితం మీద రాసుకుని ముందు వరుసలోకి రండి, ఒక్కొక్కటీ కలిసి చూద్దాం. ఆ పన్నెండు మాటలు మాత్రం నాకు కూడా చూపించొద్దు.